మిసెస్ గ్రీన్ ఎక్కిన ఏడు మెట్లు

1984. షికాగో శివారులో ఒక ఆసుపత్రిలో ఫిజికల్ థెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. మచిలీపట్నం నుంచి వచ్చి అప్పటికి ఆరేళ్లు. ఆపరేషన్ అయినవాళ్లని మళ్లీ నడిపించడం మా పని. ఆ మార్చిలో నా దగ్గరికి మిసెస్ గ్రీన్ వచ్చింది. నల్లజాతి ఆవిడ, డెబ్బై ఎనిమిదేళ్లు, రిటైరైన స్కూల్ టీచర్. మంచు మీద జారిపడి కుడి తుంటి విరిగింది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ నన్ను 'సూ' అనేవాళ్లు. ఆవిడ మాత్రం నా చేత మూడుసార్లు పలికించుకుని 'సుగుణ' అనే పిలిచింది.

కొత్త పేషెంట్‌ని మేం ముందుగా అడిగేది 'గోల్' ఏమిటని. అంటే, నడక వచ్చాక ఏం చేయాలనుందని. చాలామంది వంటింటిదాకా వెళ్తే చాలంటారు. ఆవిడ తడుముకోలేదు.

"జూన్‌లో మ్యూజియంకి వెళ్లాలి."

"డౌన్‌టౌన్‌లోదా?"

"కాదు. ఒహాయో నది ఒడ్డున ఒక ఊళ్లో ఉంది. బానిసత్వం గురించీ, దాన్నుంచి తప్పించుకున్నవాళ్ల గురించీ కొత్తగా పెట్టారు. నా మేనకోడలు రూత్ డ్రైవ్ చేస్తుంది. మెట్లు మాత్రం నేనే ఎక్కాలి. నన్నెవరూ ఎత్తుకెళ్లకూడదు."

మ్యూజియంకి ఫోన్ చేశాను. ఆ రోజుల్లో ర్యాంపులు అన్నిచోట్లా ఉండేవి కావు. ఏడు మెట్లు, ఎడమవైపు మాత్రమే రెయిలింగ్, లోపల కూర్చోవడానికి ఏమీ లేదు అన్నాడు అక్కడాయన. గదికో కుర్చీ వేయించమని అడిగాను. అయిదారు గంటల ప్రయాణం కాబట్టి గంటకోసారి కారు ఆపి ఆవిడని దింపి నడిపించాలని రూత్‌కి చెప్పాను. ఇక మిగిలింది మెట్ల ప్రాక్టీస్. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. ఎడమ చేత్తో రెయిలింగ్, కుడి చేతిలో కర్ర.

నాలుగో వారంలో మూడో మెట్టు మీద ఆవిడ కాలు మడతపడింది. పట్టుకున్నాను కాబట్టి పడలేదు. కానీ డాక్టర్, వీల్‌చెయిర్‌లో వెళ్లమనండి చాలు, అనేశాడు. ఆ మాటే చెప్పడానికి ఫైల్ పట్టుకుని ఆవిడ గదికి వెళ్లాను.

"వీల్‌చెయిర్‌లో వెళ్లినా చూసేది అదే మ్యూజియం కదండీ?"

ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక జిరాక్స్ కాగితం తీసి ఇచ్చింది. మ్యూజియంవాళ్లు పంపారట.

మధ్యలో నుంచి చదివాను. ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తుంది. పాదం బయటికి తిరిగి ఉంటుంది. భుజం మీద కాలిన మచ్చ. కుడి చేతికి చిటికెన వేలు లేదు. మాట్లాడేటప్పుడు నేల చూస్తుంది.

ఇంకో ఆసుపత్రి రిపోర్ట్ అనుకున్నాను. "ఎవరీ పేషెంట్? ఎముక సరిగ్గా అతకనట్టుందే. ఎవరూ చూపించలేదా?" అని అడిగేశాను.

"పేషెంట్ కాదు సుగుణా. మా అమ్మమ్మ. కింద కూడా చదువు."

కింద, ఆమెను పట్టి తెచ్చినవాళ్లకి బహుమానం ఇస్తామని ఉంది. పారిపోయిన బానిస కోసం యజమాని పేపర్లో వేయించిన ప్రకటన అది.

బానిసత్వం అంటే నాకు స్కూల్ పుస్తకంలో అర పేజీ. ఎప్పుడో, ఎక్కడో అయిపోయిన సంగతి. రోజూ పొద్దున్నే నేను పట్టుకుని మడిచి చాపుతున్న ఈ కాలు ఆమె మనవరాలిది! అంతలో చేతిలోని ఫైల్ గుర్తొచ్చింది. అందులో నేను రాసిన ఎవాల్యుయేషన్, అంటే మొదటిరోజు పరీక్ష వివరం: కుడి కాలు ఈడుస్తోంది, భుజం కింద పాత మచ్చ, నడిచేటప్పుడు చూపు నేల మీద. ఇంచుమించు అవే మాటలు.

"అమ్మమ్మ ఫోటో లేదు," అంది మిసెస్ గ్రీన్. "నేను పుట్టకముందే పోయింది. పేర్లు తప్ప ఇంకేం అడిగినా మా అమ్మ లేచి వెళ్లిపోయేది. ఆమె ఎలా ఉండేదో నాకు చెప్పింది ఈ కాగితమే. పట్టుకోవాలనుకున్నవాడు రాసింది. నీకు కాళ్ల సంగతి తెలుసుగా. ఆ కాలుతో ఎలా నడిచిందో చెప్పు," అంది.

లేచి నిలబడి, ఎడమ పాదం బయటికి తిప్పి, నడుం పైకి లేపి కాలు విసురుతూ గది ఆ చివరిదాకా నడిచి చూపించాను. "అడుగడుక్కీ ఇలా లాగాలి. అర మైలుకే నడుం పట్టేస్తుంది," అన్నాను.

ఆవిడ నా కాళ్ల వంకే చూస్తోంది. "ఇంకోసారి నడువు."

నడిచాను. ఆవిడ కళ్లు తుడుచుకుని కర్ర అందుకుంది. "పద, మెట్ల దగ్గరికి."

డాక్టర్‌తో నేనే మాట్లాడి ఇంకో అయిదు వారాలు ప్రాక్టీస్ చేయించాను. జూన్‌లో సెలవు పెట్టి నేనూ వెళ్లాను. అయిదో మెట్టు మీద ఆవిడ ఆగిపోయింది. మ్యూజియం ఆయన ఎత్తడానికి ముందుకొచ్చాడు. "ఆగండి," అన్నాను. రెండు నిమిషాలు ఊపిరి తీసుకుని మిగతా రెండూ ఎక్కేసింది.

లోపల గాజు పెట్టెలో ఇనుప కడియాలు. కాళ్లకి వేసేవి. అందులో ఒకటి చూడగానే నాకు కొలత తెలిసిపోయింది. నాలుగైదేళ్ల పిల్ల చీలమండకి సరిపోయేది.

మిసెస్ గ్రీన్ నేరుగా ప్రకటన దగ్గరికి వెళ్లింది. గోడకి పెద్దది చేసి పెట్టారు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. మ్యూజియం ఆయన్ని పిలిచి, అందులోని పేరు చూపించి, "ఈ పేరు యజమాని పెట్టింది. తనకి తాను పెట్టుకున్న పేరు హ్యానా," అంది. ఆయన కార్డు, పెన్ను తెచ్చాడు. ఆవిడ టీచర్ అక్షరాలతో రాసి ఇచ్చింది. ఆయన అప్పటికప్పుడే దాన్ని ప్రకటన కింద అంటించాడు.

ఒక మనిషిని పట్టుకోవడానికి రాసినా, నడిపించడానికి రాసినా మాటలు ఒకేలా ఉండొచ్చని ఆ ఏడాది తెలిసింది. తేడా అల్లా, ఆ మనిషి మాటకి అందులో చోటుందా లేదా అన్నదే. తర్వాత పనిచేసినన్నేళ్లూ నేను రాసింది పేషెంట్‌కి చదివి వినిపించాకే సంతకం పెట్టాను. ఒక పెద్దాయన విని తల అడ్డంగా ఊపాడు. "కుంటుతున్నాడని కాదు, జాగ్రత్తగా నడుస్తున్నాడని రాయి." అదీ రాశాను.