నోటీసు మీద అతికించిన పోస్టరు

ఇరవై ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మండీలో కాటా మీద పెడితే ముల్లు విరుగుతుంది. పెంచి చెప్పడం నా పుట్టుబుద్ధి; మా ఇంటి దోమను వర్ణిస్తే వినేవాడు ఎద్దనుకుంటాడు. ఈ ఒక్క విషయంలో పెంచడానికి ఏమీ మిగల్లేదు. అదే నా విసుగు.

తొంభైల చివర్లో హోసూరు దగ్గర ఒక చిన్న ఊరి పంచాయతీ ఆఫీసులో గుమాస్తాను. ఊరి పేరు అడగకండి. వేసవి వస్తే కొళాయిలు ఎండిపోయేవి. ట్రాక్టరు ట్యాంకరుతో వీధులకు నీళ్లు తోలడానికి టెండరు పిలిచేవాళ్లం. ఏళ్లుగా ఆ పని తళి వైపు నుంచి వచ్చే చిన్నప్పది. ఉన్నది ఒకే ట్రాక్టరు. చివరి ఇంటి ముసలమ్మ బిందె నిండేదాకా కదలని మనిషి.

ఆ ఏడు నేనూ ఒక ట్రాక్టరు కొన్నాను, భార్య పేరు మీద. ఉద్యోగి గానీ, అతని ఇంటివాళ్లు గానీ సొంత ఆఫీసుతో వ్యాపారం చేయకూడదని నిబంధన. తెలియక చేశానా? ఆ సర్క్యులర్ టైపు చేసింది నేనే. అందరిచేతా సంతకాలు పెట్టించిందీ నేనే. మొదటి సంతకం నాది, ఎంత పెద్దదంటే ప్యూను సంతకానికి చోటు మిగల్లేదు. ఇక నా భార్య, టెండరు కాగితం మీద నేను చూపించిన చోట, పుట్టింటి ఇనిషియల్‌తో సంతకం చేసింది. ఏం కాగితమని అడిగింది. బండి కాగితమన్నాను.

టెండరు నోటీసును ఆఫీసు బోర్డు మీద అతికించాలి. అతికించాను. ‘అతికించడమైనది’ అని ఫైల్లో రాశాను. అబద్ధం కాదు. వెంటనే దానిమీద పోలియో చుక్కల పోస్టరు అతికించాను. గోడ ఊడిరావాలి గానీ కాగితం రాకూడదన్నంత మైదా పూసి.

మర్నాడు చిన్నప్ప వచ్చి, ఆ పోస్టరు ముందే నిలబడ్డాడు.

“నోటీసు వచ్చిందా సామీ?”

“యాడ వచ్చిందప్పా! పైనుంచి ఆర్డరు రావల్ల.”

“అయితే దినామూ వచ్చి చూసుకోవల్లా?”

“ఎందుకప్పా, అంత దూరం నుంచి? వస్తే నేనే చెప్పి పంపిస్తా.”

“మీరుండారు గదా, నాకేం బయము. చెప్పకుంటే మీ వీదికి ఉప్పునీళ్లు తోలతా, చూడు!”

ఇద్దరం నవ్వాం. అతను నమ్మకంగా ఇంటికి పోయి ఎదురుచూశాడు. గడువు దాటింది. మా ట్యాంకరు వీధుల్లో తిరుగుతుంటే గానీ టెండరు అయిపోయిందని అతనికి తెలియలేదు; ఆ బండి మాదని అప్పుడూ తెలియలేదు. వచ్చి తిట్టలేదు. నేను మరిచిపోయానేమో అనుకున్నాడట. ఆ వేసవిలోనే ట్రాక్టరు అమ్మేశాడు.

ఆడిటుకు వచ్చిన ఆయన, ఇంత శుభ్రమైన ఫైలు జిల్లాలోనే లేదన్నాడు. నిబంధనలు పెట్టినవాళ్లు, చదివినవాళ్లు, సంతకాలు చేసినవాళ్లు ఇంతమంది ఉండి, ఒక్కడైనా ఆ పోస్టరు మూల గీకి చూడొద్దా? ఛీ, ఎవరిమీద విసుక్కుంటున్నాను? నాకు గోళ్లు లేవా?

ఏడెనిమిదేళ్ల తరువాత కృష్ణగిరి మామిడి మండీలో అతన్ని చూశాను. ఎవరిదో లారీకి బుట్టలు ఎత్తుతున్నాడు. పక్కకు పిలిచి పోస్టరుతో సహా అంతా చెప్పేశాను. నా ముఖం చూశాడు, పకపకా నవ్వాడు.

“మీ తమాషాలు ఇంగా పోలేదే సామీ!”

నిజమప్పా అని ఇంకొక్కసారి అంటే చాలు. ఎందుకు అనలేదు? ఆ నవ్వు నాకు సుఖంగా ఉంది. నేనూ నవ్వాను. మొదటి తప్పు ఆశతో చేశాను. ఈ రెండోదానికి పేరేమిటో ఇప్పటికీ తెలియదు.

మీరైనా నవ్వకండి. చిన్నప్ప పని నేను తిన్నాను, తెలిసే తిన్నాను. ఇది రాసినంత మాత్రాన అతని భుజం మీది బుట్ట దిగదు. నా బరువు మాత్రం కొంచెం తగ్గింది. అది కూడా నాకే లాభం, చూడండి.