తిరగేసిన సెల్లు

నర్సమ్మ పోయిందన్న వార్త నా దగ్గరికి చాలా నిదానంగా వచ్చింది. ఆమె కూతురు కొల్లాపూర్‌లో పోస్టు డబ్బాలో వేసిన కార్డు హైదరాబాద్‌లో నా గది తలుపు కిందికి చేరడానికి ఐదు రోజులు పట్టింది. గుండెనొప్పి వచ్చిందని, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందని, పెద్దకర్మ ఆదివారమని నాలుగు వరుసలు. నర్సమ్మే ఉంటే ఆ కార్డును అటూ ఇటూ తిప్పి ముద్రలు చూసి, "రెండొద్దుల తొవ్వకు ఐదొద్దులా? నడుమ మూడొద్దులు యాడ కూసున్నది ఇది?" అని అడిగేది. జవాబు దొరికేదాకా ఏడుపు వాయిదా వేసేది. నేను కూడా ఆ రోజు చాలాసేపు ముద్రలే చూస్తూ కూర్చున్నాను.

ఆమె ఎవరో చెప్పాలి. కొల్లాపూర్ అవతల, కృష్ణ వైపు పోయే దారిలో ఒక చిన్న సర్కారు దవాఖానలో నర్సు. చుట్టూ ఉన్న ఏడు పల్లెల్లో గర్భిణులను చూడడం, పిల్లలకు సూదులు వేయడం ఆమె పని. నేను ఆమెకు గురువును. నవ్వకండి, నా నియామక పత్రంలో అట్లాగే రాసి ఉంది. మూడేళ్ల కింద నేను డిగ్రీ ముగించి, మహబూబ్‌నగర్‌లో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, లోకాన్ని ఉద్ధరించడానికి తయారుగా ఉన్నాను. అప్పుడే ఒక పథకం వాళ్లు నర్సులకు చేతి కంప్యూటర్లు ఇచ్చి చూద్దామనుకున్నారు. నేర్పడానికి నేను దొరికాను.

ఆ యంత్రం కళ్లద్దాల డబ్బాలాగా తెరుచుకునేది. లోపల చిన్న తెర, చీమల బారులాంటి బటన్లు, వెనుక రెండు పెన్సిల్ సెల్లు. పిల్లల పేర్లు, ఎవరికి ఏ సూది పడిందో అందులో దాచుకోవచ్చు. లోపల లెక్కలు చేసే ముక్కను ప్రాసెసర్ అంటారు. దాని జోరును మూడు రకాలుగా పెట్టుకోవచ్చు: నిదానం, నడిమి, వేగం. జోరు పెరిగితే సెల్లు జల్దీ అయిపోతాయి. కాబట్టి ఎప్పుడూ నిదానమే పెట్టుకోవాలని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీశాను. ఎనిమిది మంది నర్సులు రాసుకున్నారు. తొమ్మిదో ఆమె కలం మూసి చెయ్యి లేపింది.

"సారూ, ఇది ఊకున్నప్పుడు ఏం తింటది?"

"ఏమీ తినదు, నర్సమ్మా."

"తెర మీద రాత కనవడ్తనే ఉన్నది గదా. తినకుంట ఎట్ల నిలవడ్డది?"

"కొంచెం తింటుంది."

"కొంచెమంటే ఎంత?"

అది చాలా లోతైన సాంకేతిక విషయమని చెప్పి, చాయ్ తాగడానికి అందరినీ వదిలేశాను.

ఆ ప్రశ్న ఆమె ఒక్క కంప్యూటర్‌నే అడగలేదని తర్వాత తెలిసింది. ఒకసారి ఇద్దరం కొత్తకోట బస్టాండులో కూర్చున్నాం. ముందు నిలబడిన బస్సు ఇంజన్ బంద్ కాకుండా వణుకుతూ ఉంది. ఆమె లేచి వెళ్లి కిటికీ కింద నిలబడింది.

"డ్రైవర్ సాబ్, నిలవడ్డప్పుడు గూడ డీజిల్ తాగుతాందా?"

"తాగుతది అమ్మా. బంద్ చేస్తే మల్ల లేవదు, మీరే దిగి నూకాలె."

"అయితే ఆగుడు కన్న పోవుడే సుకం. పోనియ్యరాదు."

"నువ్వు డిపో మేనేజర్‌వా ఏంది అమ్మా?"

"నర్సును. నీకు సూది ఎయ్యాల్నా?"

బస్సు ఐదు నిమిషాలు ముందే కదిలింది. పరిగెత్తి ఎక్కినవాళ్లు ఎవరిని తిట్టాలో తెలియక నన్ను చూశారు.

ఆమె భుజానికి ఎప్పుడూ రెండు బరువులు ఉండేవి. ఒకటి సూదిమందు పెట్టుకునే మంచు డబ్బా. రెండోది గుడ్డ సంచి. అందులో ఒక టార్చి ఉండేది. దాంట్లో ఒక సెల్లు కావాలనే తిరగేసి పెట్టేది. సంచిలో ఏదన్నా తగిలి బటన్ నొక్కుకుపోయినా లైటు వెలగకూడదని. పని పడ్డప్పుడు మూత విప్పి, సెల్లు సరిచేసి, పని కాగానే మళ్లీ తిరగేసేది.

"పాము ఎదురొస్తే ఏం చేస్తారు, నర్సమ్మా? ముందు సెల్లు తిప్పుకుంటారా?" అన్నాను.

"జర ఆగమని చెప్త. నువ్వు పక్కన ఉంటివా, నిన్ను మాట్లాడమంట. నీ ముచ్చట్లు ఇనలేక అదే పోతది."

పాఠం చెప్పిన పది రోజుల తర్వాత దవాఖానకు వెళ్తే గోడ క్యాలెండర్ గళ్లన్నీ ఎర్ర సిరాతో నిండి ఉన్నాయి. నాడి చూసే చేతి గడియారంతో ఆమె పరీక్ష మొదలుపెట్టింది. ఒక జత సెల్లు నిదానంలో, ఒక జత వేగంలో. పేర్లు ఎక్కించిన రోజులు వేరుగా, ఒక ఊరి పిల్లల పేర్ల పట్టీ వెతికి తీసిన రోజులు వేరుగా. పేర్లు ఎక్కించేటప్పుడు నిదానమే మేలు, అక్కడ నా మాట నిలిచింది. పట్టీ తీసే రోజుల్లో మాత్రం నిదానంలో పెట్టిన సెల్లే ముందు చచ్చాయి.

"గిట్లెందుకైతాంది, సారూ?"

"సెల్లలో తేడా ఉంటుంది," అన్నాను, గురువులు అనే పద్ధతిలో. ఆమె క్యాలెండర్ వైపు చూసింది, నా వైపు చూసింది.

తర్వాతి నెలలో ఏటి ఒడ్డున ఉన్న పల్లెకు ఆమెతో నేనూ పోయాను. బస్సు దిగి గంటన్నర నడక. ఆ సాయంత్రమే లారీ వస్తుంది, సగం ఊరు ఆరు నెలల కూలి పనికి పోతుంది. పోయినేడు పని జాగాలో తట్టు లేచింది. ఇక్కడి నుంచి వెంట తీసుకుపోయిన పిల్లల్లో ఇద్దరు తిరిగి రాలేదు. అందుకే ఈసారి లారీ ఎక్కకముందే తట్టు సూది వేయాలని ఆమె పట్టుదల. కానీ మందు ఇరవై మందికే ఉంది. పిల్లలు అరవైకి పైన. ఎవరికి ఇంతకుముందే పడిందో తల్లులకు జ్ఞాపకం లేదు, కార్డులు ఎలుకలు కొట్టాయి. ఆ వివరం ఉన్నది కంప్యూటర్‌లో మాత్రమే. పథకం పరీక్ష నిజాయితీగా సాగాలని పాత రిజిస్టర్లను బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు. వేసింది నేనే. తాళంచెవి నా జేబులోనే ఉంది, బీరువా మాత్రం దవాఖానలో ఉంది.

ఆమె యంత్రం తెరవగానే కీచుమంది. తెర మూలన సెల్లు బొమ్మ ఖాళీగా కొట్టుకుంటోంది. ముందు రోజు కొత్త పథకం చూపిస్తానని దాన్ని పెద్ద సార్ల ముందు రెండు గంటలు తెరిచి పెట్టింది కూడా నేనే.

"కొత్త సెల్లు తియ్యి, బిడ్డా."

కొత్త సెల్లు తేవడం నా బాధ్యత. తెచ్చాను కూడా. కాకపోతే అవి నా వాక్‌మన్‌లో ఉన్నాయి, మహబూబ్‌నగర్ నుంచి దారి పొడుగునా పాటలు పాడి అలసిపోయి ఉన్నాయి. ఈ సంగతి నేలను చూస్తూ విన్నవించుకున్నాను. ఆమె యంత్రం మూసేసింది.

"పాట మంచిగుండెనా?"

"చివరికి కొంచెం సాగింది, నర్సమ్మా."

సెల్లు అమ్మే దుకాణం కొల్లాపూర్‌లో, తిరుగు బస్సు సాయంత్రం. టార్చి సెల్లు లావు, అందులో పట్టవు. తీగలతో కలిపి చూడవచ్చని నాకు రెండు వారాల తర్వాత తట్టింది. ఆ పూట నాకు తట్టింది ఒకటే: "నిదానంలో పెడదాం. కొంచెం ఎక్కువసేపు బతుకుతుంది."

ఆమె మంచు డబ్బా మీద వేలితో కొట్టింది.

"ఇందులకెంచి ఒక సీసా కావాలె నాకు. మూత తీసి నిమ్మలంగ ఎతుకుదునా, గుంజుకోని మూసేద్దునా?"

"గుంజుకుని మూయాలి."

"నిమ్మలంగ ఎతికితే?"

"మంచు కరుగుతుంది."

"మరి బోర్డు మీద గట్ల రాసింది ఎవలు?"

యంత్రం వెతికినంతసేపూ తెరిచి ఉన్న తెర కూడా తింటూనే ఉంటుంది. నిదానంగా వెతికితే మూత అంతసేపు తెరిచి ఉన్నట్టే. క్యాలెండర్ గళ్లలో ఎర్ర సిరాతో ఉన్నది అదే. ఆ సంగతి నాకు ఒక మంచు డబ్బా ముందు, ఎండలో, అరవై మంది పిల్లల ఏడుపుల నడుమ అర్థమైంది.

ఆమె వెంటనే యంత్రం తెరవలేదు. ముందు తల్లులను వరుసగా కూర్చోబెట్టింది. నా చేతికి సుద్దముక్క ఇచ్చి ఒక తలుపు ముందు నిలబెట్టింది. కూలీల మేస్త్రిని పిలిచి, "ఎవలన్న మాట్లాడితే నీదే పూచీ" అంది. అందరికీ వినబడేట్టు చెప్పింది: "పేరు ఇనవడంగనే లేచి ఇటు రాండ్రి. రెండోమారు సదివే బలం దీనికి లేదు."

అప్పుడు తెరిచింది. వేగంలో పెట్టింది. తట్టు సూది పడని పిల్లల పట్టీ వచ్చింది. ఆమె ఒక్క బిగిన చదివింది, నేను తలుపు మీద రాశాను. పంతొమ్మిది పేర్లు. ఆఖరి పేరు కాగానే టక్కున మూసింది. అందులో ఇంకెంత ప్రాణం మిగిలి ఉందో నాకు తెలియదు. చూద్దామంటే ఆమె చూడనివ్వలేదు.

తలుపు ముందుకు వచ్చింది పద్దెనిమిది మంది. ఒక పిల్లను తల్లి ఎత్తుకుని ముందే రోడ్డు మీదికి పోయిందని మేస్త్రి చెప్పాడు. నర్సమ్మ సిరంజి నుంచి తల ఎత్తలేదు.

"ఇగ నిన్ను నువ్వు వేగంల పెట్టుకో, బిడ్డా."

గంటన్నర నడిచిన దారిలో సగం దాకా ఉరికాను. ఆ తల్లి నన్ను నమ్మలేదు. "లారీ పోతే బొంబాయి దాంక నువ్వు మోసుకపోతవా?" అని అడిగింది. మోస్తానన్నాను. వెనక్కి వచ్చేదాకా పిల్లను నిజంగానే మోశాను, అది నా చెవి పట్టుకుని కొరుకుతూనే ఉంది. సీసాలో మందు ఇంకా చల్లగానే ఉంది. ఆ ఆరు నెలలు గడిచి లారీ తిరిగి వచ్చినప్పుడు నర్సమ్మ తలుపు ముందు నిలబడి ఆ పంతొమ్మిది మందినీ లెక్కపెట్టుకుందట. అందరూ ఉన్నారని నాకు కార్డు రాసింది. కింద ఒక వరుస: నీ చెవి ఎట్లున్నది?

ఒక తప్పు ఒప్పుకోవాలి. పథకానికి నేను ఇచ్చిన నివేదికలో, పేర్లు ఎక్కించేటప్పుడు నిదానం, పట్టీ తీసేటప్పుడు వేగం, పని కాగానే బంద్ అని రాసి, ఇది పరిశీలనలో తేలిందని ముగించాను. ఎవరి పరిశీలనో రాయలేదు. కింద సంతకం నాది. చదివినవాళ్లు నన్ను మెచ్చుకున్నారు, నేను వినయంగా తల వంచాను. ఆ మెప్పుతోనే హైదరాబాద్‌లో నాకు ఇప్పటి ఉద్యోగం దొరికింది. ఈ సంగతి ఆమెతో చెబుదామని రెండుసార్లు వెళ్లి, రెండుసార్లూ చాయ్ తాగి వచ్చాను. ఆ నివేదికలో ఉండవలసిన పేరు నర్సమ్మది.

ఆదివారం వెళ్లాను. అన్నాలయ్యాక కూతురు గుడ్డ సంచి తెచ్చి నా ముందు పెట్టింది. దవాఖాన సామాను ఏదో, ఇంటిది ఏదో చూసి చెప్పమంది. కత్తెర, సుద్దముక్కలు, చేతి గడియారం, టార్చి.

"ఇది ఖరాబైంది అన్నా. ఎన్నిసార్లు నొక్కినా ఎలుగుతలేదు. పారేద్దామా?"

మూత విప్పాను. సెల్లు అరచేతిలోకి జారాయి. సరిగ్గా పెట్టి, మూత బిగించి బటన్ నొక్కాను. మిట్టమధ్యాహ్నం ఎండ వాకిలంతా పరుచుకుని ఉంది, వెలిగిందో లేదో తెలియలేదు. కూతురు రెండు చేతులూ దోసిలిలా దాని ముందు పెట్టింది. వేళ్ల సందుల్లోంచి ఎర్రగా కనిపించింది. ఆమె చాలాసేపు చేతులు తీయలేదు.

తర్వాత నేను బటన్ బంద్ చేసి, మూత విప్పి, ఒక సెల్లు తిరగేసి, టార్చి సంచిలో పెట్టాను.