ఉలవ చెట్ల దగ్గర ఆగిన కారు

ఈ రోజు మధ్యాహ్నం అనంతపురం ఆసుపత్రి నుంచి మా చెల్లెల్ని సోమందేపల్లె దగ్గరున్న మా ఊరికి తీసుకొచ్చాము. కడుపు ఆపరేషన్ అయింది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మా ఎలక్ట్రిక్ కారుకు నిన్ననే కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది.

బండ్లు తొక్కితే గింజలు రాలతాయని ఊరి ముందర తారు రోడ్డు మీద ఉలవ చెట్లు పరిచారు. రోజూ వాటి మీదుగానే పోతాము. ఈ రోజు మాత్రం కారు ఎదురుగా ఏదో అడ్డముందనుకుని కీచుమని అరిచి, దానంతట అదే బ్రేకు వేసుకుంది. చెల్లెలు కడుపు పట్టుకుని "అమ్మా" అంది.

ఉలవలు ఆరబెట్టుకున్న రైతమ్మ వచ్చింది. "ఏమప్పా, నిలబెట్టినావు? ఎక్కించు, ఏం కాదు."

"నేను నిలబెట్టలేదమ్మా, బండే నిలబడింది," అన్నారు మావారు.

"బాగుండాదే! తోలేది నువ్వా, అదా?"

పొద్దున కారు ముందరి అద్దానికి నేను పెట్టిన కుంకుమబొట్టు, దారి చూసే కెమెరాకు అడ్డమేమోనని ఆయన అనుమానం. కొంగుతో తుడిచాను. కారు కాస్త కదిలి మళ్లీ అలాగే కుదిపింది. ఫోన్ చేస్తే సర్వీసు వాళ్లు, తప్పు కొత్త సాఫ్ట్‌వేర్‌దేనని, కొన్నాళ్లు ఓపిక పట్టమని చెప్పారు.

"అక్కా, నేను నడుస్తా," అంది చెల్లెలు. రైతమ్మ ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకుని ఎండలో మెల్లగా నడిపించాము. వెనకాల అడుగడుగునా అరుస్తూ ఆగే కారులో మావారు ఒక్కరే.

ఇంటికొచ్చి చూస్తే చెల్లెలి కట్టు రక్తంతో తడిసి ఉంది. రేపు మళ్లీ ఆసుపత్రికి పోవాలి. ప్రాణాలు కాపాడుతుందని చెప్పి అమ్మిన బ్రేకు ఇది. మీ కార్లూ ఇలాగే చేస్తున్నాయా? తప్పు దానిది కాదని తెలిసినా, తుడిచిన బొట్టు మళ్లీ పెట్టడానికి మాత్రం నాకింకా చేతులు రావడం లేదు.