మాస్టారు మేయరుకు వేసిన ఓటు

నేను ఏడో తరగతి దాకానే బడికి వెళ్లాను. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలో సంపాదించుకున్నదే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కాస్త గర్వమే.

మిరప చేలో నీళ్లు పెట్టి, కాళ్లు కడుక్కుని, ఎనిమిదింటికల్లా అక్కడ ఉండేవాణ్ణి. నాలాగే రోజూ వచ్చేది రిటైరైన లెక్కల మాస్టారు ఒక్కరే. మిగతావాళ్లు పేపర్లో మిర్చి ధర చూసుకుని పోయేవాళ్లు. పేపరు ఒకటే. మెయిన్ పేజీలు ఆయన, జిల్లా పేజీలు నేను, తర్వాత మార్చుకునేవాళ్లం. ఆపైన గంటసేపు వాదన. ఊళ్లో నాతో అలా మాట్లాడే మనిషి మరొకరు లేరు.

హైదరాబాద్ మేయర్ ఎన్నిక వార్తలు వస్తున్న రోజులవి. ఓ ఉదయం నలుగురైదుగురు రైతులు కూడా ఉన్నారు.

"అక్కడ మేయర్ని ఎట్టా ఎన్నుకుంటారు మాస్టారూ?" అని ఒకతను అడిగాడు.

"మన పంచాయతీలాగేనయ్యా. వార్డు మెంబరుకో ఓటు, సర్పంచికో ఓటు వెయ్యమూ? అక్కడా కార్పొరేటరుకొకటి, మేయరుకొకటి."

నేను ఆగలేకపోయాను. "కాదండీ" అని బీరువాలోంచి మునిసిపల్ చట్టాల పుస్తకం తెచ్చి పైకి చదివాను. ప్రజలు వేసేది కార్పొరేటరుకు ఒక్క ఓటే. గెలిచిన కార్పొరేటర్లు, అక్కడ ఓటున్న ఎమ్మెల్యేలు, ఎంపీలు కలిసి మేయర్ను ఎన్నుకుంటారు.

"ఒరేయ్, ఏడో తరగతోడు మాస్టారికి పాఠం చెబుతున్నాడ్రా!"

"బెంచీ ఎక్కండి మరి మాస్టారూ!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాస్టారు "నేను వేశానయ్యా..." అని ఏదో చెప్పబోయి ఆగిపోయారు. కళ్లజోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు. వారమైనా రాలేదు.

ఆయన మింగేసిన మాట నన్ను వదల్లేదు. మిర్చి యార్డుకు కాయలు తోలిన రోజు, గుంటూరులో పెద్ద గ్రంథాలయానికి వెళ్లి పాత పేపర్ల బైండ్లు తిరగేశాను. ఉంది. ఒకప్పుడు ఆ నగరంలో మేయర్ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. రెండు ఓట్లు. ఆ తర్వాతే పద్ధతి మారింది. మాస్టారు అప్పట్లో హైదరాబాద్‌లో ఉద్యోగం చేశారని నాకు తెలుసు, కానీ ఆ రోజు గుర్తు రాలేదు. వార్త మొత్తం నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను.

మాస్టారి ఇంటికి వెళితే భార్య తలుపు తీశారు. "పేపరు ఇంటికే వేయించుకుంటున్నారయ్యా" అన్నారు. లోపల ఆయన వరండా వైపు చూడకుండా చదువుకుంటున్నారు.

"మీరు చెప్పింది నిజమేనండీ. పాత పేపర్లో చూశాను."

ఆయన పేజీ తిప్పారు. "నలుగురిలో తప్పన్నావు. ఒప్పని మాత్రం గుమ్మంలో నుంచుని నా ఒక్కడికే చెబుతున్నావు."

నోటు పుస్తకం చంకలో పెట్టుకుని వెనుదిరిగాను. అలాంటి మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మర్నాడు ఆ రైతులే గ్రంథాలయంలో కనిపిస్తే నోటు పుస్తకం తెరిచాను.

"ఆ రోజు మాస్టారు చెప్పింది నిజమే. వినండి, చదువుతాను."

"ఏ రోజు?"

"మేయర్ సంగతి."

"ఏ మేయరు రా బాబూ? మబ్బేసింది, కాయలు కళ్లంలో ఉన్నాయి. పట్టాలు కప్పుకోవాలి, నువ్వూ పద."

నవ్విన సంగతి వాళ్లకు గుర్తే లేదు. చెప్పులు వేసుకుని గబగబా వెళ్లిపోయారు. నా కాయలూ కళ్లంలోనే ఉన్నాయి. అయినా కూర్చుని, రాసుకున్నదంతా చివరిదాకా పైకే చదివాను.