భూపాలపల్లి అక్కకు రెండో లైన్

మా విత్తనాల కంపెనీకి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిల ఆఫీసులున్నయి. మూడింటి కంప్యూటర్లను కలిపే పని నాకు అప్పజెప్పిన్రు. అన్నిటికీ ఫైబర్ లైనే చాలని జనగామల కూసోని ప్లాన్ రాసిన.

భూపాలపల్లి ఆఫీసు చూసుకునే అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, ఈడ రోడ్డు తవ్వుతున్నరు. ఒక్కరోజు వచ్చి చూసి రాయరాదు?"

పోయిన. పదకొండింటికే తవ్వే మిషన్ ఆఫీసుకు ఇప్పుడున్న నెట్ వైరు తెంపింది. బయట రైతులు లైన్ల ఉన్నరు. నేను పరేషాన్ అయితుంటే, అక్క తన ఫోన్ల నెట్‌ను కంప్యూటర్‌కు కలిపి బిల్లులు ఇచ్చుకుంట పోయింది.

"రోజూ గిట్లనేనా అక్కా?"

"మరి వాళ్లను ఎండల నిలవెట్టాల్నా?"

నాకు సిగ్గయింది. తిరిగొచ్చి ఆమె ఆఫీసుకు ఫైబర్‌తో పాటు, అది తెగంగనే పని అందుకునే సిమ్ రౌటర్ కూడా రాసిన.

అది పెట్టినంక ఒకరోజు అక్క ఫోన్ చేసి నవ్వింది. "పొద్దున వైరు తెగిందట తమ్మీ, నాకు తెల్వనే తెల్వలే!"