అన్నయ్య ఆటని చూసి నవ్వినవాడు

మా అన్నయ్య మెత్తటి మనిషి. నేను కాను. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

ఒకే గదికి మధ్యలో పరదా కట్టి ఇటు నేను బట్టలు కుడతాను, అటు అన్నయ్య ఎనిమిది కంప్యూటర్లతో ఆటల సెంటర్ నడుపుతాడు. ఇరవై ఏళ్ళుగా అన్నిట్లోనూ ఒకే పాత తుపాకుల ఆట. దాంట్లో లోపాలు లేవని నేననను. శత్రు సైనికులందరికీ ఒకటే మొహం, ఒకే తల్లి కన్నట్టు. తలుపులో ఇరుక్కున్నవాడు సాయంత్రం దాకా అక్కడే నడుస్తుంటాడు. అయినా ఆదివారం పోటీ అంటే తలనెరిసిన బస్సు డ్రైవర్లు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. వదిన పోయాక అన్నయ్య నవ్వడం ఆదివారాలే చూశాను.

మా పిన్ని కొడుకు ఆట నేర్చుకుంది ఇక్కడే. ఇప్పుడు ఆటల మీద వీడియోలు చేస్తాడు, లక్షమంది చూస్తారు. పోయిన నెల కెమెరా పట్టుకుని వచ్చాడు. అన్నయ్య పొంగిపోయి టీ తెప్పించి, ఇరుక్కుపోయే సైనికుణ్ణి కూడా ముచ్చటగా చూపించాడు. తీరా వీడియోలో ఏముందో తెలుసా? ఆ సైనికుడి పక్కన అన్నయ్య మొహం పెట్టి, "ఇద్దరూ ఒకే చోట ఇరుక్కుపోయారు" అని నవ్వాడు.

ఆ చెత్త ఆటకా వెళ్ళేది అని ఇళ్ళల్లో ఎగతాళి మొదలైంది. తర్వాతి ఆదివారం ముగ్గురొచ్చారు. ఆ పై వారం ఒక్కరూ రాలేదు. సెంటర్ మూసేస్తానన్నాడు అన్నయ్య. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, అంత చెత్త ఆటైతే నా మీద గెలిచి చూపించు. నీ లక్షమంది ముందే, లైవ్‌లో. నేను ఓడితే సెంటర్ మూసేస్తాం, అది కూడా వీడియో తీసుకో."

"బట్టలు కుట్టే అక్కతోనా?" అని పడీపడీ నవ్వాడు. సరేనన్నాడు. కుట్టుపని లేనప్పుడల్లా పరదా దాటి వెళ్ళి నేనూ ఆ ఆట ఆడేదాన్నని వాడికి తట్టలేదు.

నిజం చెప్పాలంటే వాడి చెయ్యి చురుకు. రెండు నిమిషాల్లో వందున్న నా ప్రాణం ముప్పైకి దించాడు. నేనూ తగిలించాను, వాడిది పదికి పడింది. వెంటనే మెట్ల కింద నక్కాడు. ఇక కదలడే. ఎందుకో నాకు అర్థమైంది. ఈ కాలం ఆటల్లో కాసేపు దాక్కుంటే చాలు, ప్రాణం దానంతటదే నిండుతుంది. మా ఆటలో అలాంటి దయాదాక్షిణ్యాలు లేవు. మందుపెట్టె వెతుక్కోవాలి, లేదంటే చావాలి. ఆ సంగతి వాడికి నేర్పింది మా అన్నయ్యే. వాడు మర్చిపోయాడు.

నేను తాపీగా వెళ్ళి మందుపెట్టె తీసుకుని, ప్రాణం నింపుకుని వచ్చాను. వాడింకా ఆ పది పెరుగుతుందని చూస్తున్నాడు. వెంటనే కాల్చలేదు. అందరూ బాగా చూడాలని ఎదురుగా నిలబడ్డాను. అప్పుడు కాల్చాను. నా కడుపు చల్లబడింది.

ఆదివారం సెంటర్‌లో కుర్చీలు చాల్లేదు. అప్పుడే వాడి ఫోన్.

"అక్కా, నాకు ఆటే రాదని అందరూ ఏడిపిస్తున్నారు. ఆటలో లోపం వల్లే అలా అయిందని నువ్వొక్క మాట చెప్పవా?"

"లోపాలున్నాయి రా. నువ్వు చచ్చింది వాటివల్ల కాదు."

పక్కనే వింటున్న అన్నయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "పోనీలేవే. ఒక్క మాటేగా."

వాడు మా అన్నయ్యని అన్నదీ ఒక్క మాటే. నేను చెప్పలేదు.