తెలిసీ వంతెనెక్కిన అవ్వ

మొన్న కురవి వీరభద్రస్వామి గుడి దగ్గర మా పెద్దమ్మ మనవడి పుట్టువెంట్రుకలు తీయించి, వంటలయ్యేదాకా చాపల మీద చేరి ముచ్చట్లాడుకుంటున్నప్పుడు, మా చిన్నమ్మ కోడలు ఫోన్ తీసి, వాళ్ళ ఆడబిడ్డ ఎవరితోనో మాట్లాడిన మాటల రికార్డును అందరి ముందూ గట్టిగా వినిపించింది. ఆ ఆడబిడ్డ చేతిలో నీళ్ళ గ్లాసు నోటిదాకా పోకుండా మధ్యలోనే ఆగిపోయింది. నేను ఊరుకునే రకాన్ని కాను గనుక, నీతో అనని మాట నీకెందుకే అని అక్కడికక్కడే కడిగేశాను. ఆ పిల్లా తక్కువ తినలేదు. "విన్నంక విననట్టు ఎట్లుంటరు వదినా? గట్ల ఎవలన్న ఉంటరా?" అంది.

ఉంటారు. నేనున్నాను. కానీ ఆ సంగతి అక్కడ చెప్పలేకపోయాను, నా పక్కనే మా చెల్లెలు కూర్చుని ఉంది కాబట్టి.

అది లాక్‌డౌన్ కాలం నాటి ముచ్చట. జనగామలో నేను కామర్స్ చెప్పే కాలేజీ మూతబడి, పాఠాలు చెప్పడానికని ఇంట్లోకి ఒక కంప్యూటర్ వచ్చింది. భూపాలపల్లిలో మా మరిది బొగ్గుగనికి పోతే ఇంట్లో ఒక్కతే ఉండే మా చెల్లెలు, నన్ను ఒక ఆటలోకి లాగింది. మన వయసు వాళ్ళకు ఆట అంటే పచ్చీసు, గవ్వలు. ఓడితే మళ్ళీ వేస్తాం. ఇది అట్లాంటిది కాదు. సర్వర్ అంటే ఒక ఊరనుకోండి. ఎవరింట్లో వాళ్ళం కంప్యూటర్ ముందు కూర్చుని అందరం ఆ ఒక్క ఊళ్ళోకే పోతాం. లోకమంతా పాడుబడిపోయింది, చలి, ఆకలి, జ్వరం, తోడేళ్ళు, దొరికింది తిని బతకాలి. వేరే సర్వర్లలో మనిషి కనబడితే కాల్చడమే. మా సర్వర్‌లో మాత్రం ముందు మాట్లాడాలి, ఎందుకంటే అక్కడ ప్రతి మనిషీ ఒక వేషం.

ఊళ్ళోకి బాగోతం వచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. కిరీటం పెట్టుకున్నాయనను, అది దించేదాకా, సొంత పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. ఇదీ అంతే. మైకులో మాట్లాడుతున్నంతసేపూ వేషం విడవకూడదు. తుపాకి ఎదురుగా ఉంటే నిజంగా ప్రాణభయం ఉన్నట్టే నడుచుకోవాలి. వేషం చస్తే చచ్చినట్టే, మళ్ళీ ఆ మనిషి లేదు. వీటన్నిటికంటే పెద్ద నియమం, ఆట బయట విన్నది ఆటలో వాడుకోకూడదు. వాడుకున్నవాళ్ళను సర్వర్ పెద్దలు వెళ్ళగొట్టేవాళ్ళు.

మొదటిరోజు నేను వేషమంటే పుస్తకభాషే మాట్లాడాలనుకుని, "అయ్యా, ఇచ్చట ఎవరైనా కలరా" అంటూ తిరిగాను. పొదలోంచి తోడేలు మీద పడగానే "ఓ అవ్వో, సచ్చిన్నో" అని అరిచాను. ఎవరో కోస్తా అబ్బాయి పగలబడి నవ్వి, సినిమాలో కామెడీలా ఉందండీ అన్నాడు. సినిమాల పుణ్యాన మన మాటంటే నవ్వులాటే కదా వాళ్ళకు. గాయం కట్టించుకోవడానికి అతను నా దగ్గరికే రావలసి వచ్చినప్పుడు, నవ్వినంతసేపు నిలబెట్టి, అప్పుడు కట్టు కట్టాను. అట్లా నాకు అవ్వ వేషం కుదిరింది. వాగుకు ఇవతలి గుడిసెల్లో ఎవరికి దెబ్బ తగిలినా, జ్వరమొచ్చినా అవ్వ దగ్గరికే వచ్చేవారు. ఏడాదికి పైగా ఆ ముసలిదాన్ని బతికించుకున్నాను. ఇంట్లో నా మాట వినేవాళ్ళు తక్కువ గానీ, అక్కడ అవ్వ మాటకు ఎదురులేదు.

చెల్లెలు వాగుకు అవతలి మూకలో చేరింది. ఒకే గుడిసెలో ఉంటే ఇద్దరం తోడేళ్ళకు పని లేకుండా చేస్తామని దాని వాదన. వాళ్ళ నాయకుడిది మానుకోట. ముఖం ఎన్నడూ చూడలేదు, గొంతు మాత్రం బండరాయి దొర్లినట్టుండేది. రోజూ పొద్దున నేనూ చెల్లెలూ ఫోన్‌లో అమ్మ మోకాళ్ళ నొప్పి నుంచి చింతకాయ తొక్కు దాకా అన్నీ మాట్లాడుకునేవాళ్ళం, ఆట మాట తప్ప.

ఒక శనివారం మాట్లాడడం అయిపోయింది గానీ అది ఫోన్ కట్ చేయలేదు. అట్లాగే పక్కన పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని నాయకుడితో మాట్లాడడం మొదలుపెట్టింది. "రేపు పగటీలి అవ్వ పాత దవాఖానల మందులు తీస్కొని వంతెన మీదికెళ్ళి వస్తది. ఆడనే ఆపుదాం. మందుల గోదాం యాడుందో చెప్తే ఇడిచిపెడుదాం." అవతల నాయకుడేమన్నాడో, మళ్ళీ అంది: "చెప్పకుంటే నేనే కాలుస్త. ఇంకెవరి చేతుల పడొద్దు ముసల్ది."

నేను ఫోన్‌లో ఎర్ర బొత్తాం నొక్కేసరికి వినవలసిందంతా వినేశాను.

ఆ రోజంతా ఒకటే ఆలోచన. సర్వర్ పెద్దలకు చెబితే ఫోన్ కట్ చేయని తప్పు చెల్లెలి మెడకు చుట్టుకుంటుంది. పోకుండా ఉందామంటే మా గుడిసెలో ఒక అమ్మాయి తుపాకి దెబ్బతో పడి, మా గోదాంలో లేని మందు అవ్వ తెస్తుందని చూస్తోంది. పోతే అవ్వ చస్తుంది. మా ఆయన నా వాలకం చూసి అడిగితే చెప్పాను.

"గా బొమ్మలాటకు గింత పరేషానేందే? వంతెన ఇడిచి వాగుల దిగి పో."

"అవ్వ ఎన్నడన్న వాగుల దిగిందా? వంతెన మీద మనుషులున్నరని అవ్వకు తెల్వది."

"నీకు తెల్సుగదనే!"

"నాకు తెల్సు. అవ్వకు తెల్వది."

"అయితె సావుండ్రి, ఇద్దరు గల్సి" అని టీవీ పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం పాత దవాఖానలో మందులు సంచిలో నింపుకుంటుంటే, సగం ఇక్కడే దాస్తే ఏం పోయింది అనిపించింది. మూలనున్న బీరువా తలుపు కూడా తీశాను. అవ్వ ఏనాడూ మందులు దాచి రాలేదు. తలుపు మూసి, సంచి భుజానికేసుకుని బయటపడ్డాను. దారిలో అవ్వకు గొణుక్కునే అలవాటు. చలిని తిడుతుంది, మోకాళ్ళను తిడుతుంది. ఆనాడూ తిట్టుకుంటూనే నడిచాను. వంతెన కనబడింది. మధ్యలో తుప్పు పట్టిన లారీ. దాని వెనక ఎవరున్నారో నాకు తెలుసు. అటు చూడకుండా నడవడమంత కష్టం నా జన్మలో ఇంకొకటి ఎరుగను.

"అవ్వా, ఆగు. సంచి కింద పెట్టు."

చెల్లెలి గొంతే. వెనక నుంచి నాయకుడు దారి మూశాడు. ఉలిక్కిపడాలి, ఉలిక్కిపడ్డాను. ఆ భయం నిన్నటి నుంచి కడుపులో ఉన్నదే కాబట్టి నటించే పని పడలేదు. సంచి కింద పెట్టి చేతులెత్తాను.

"బిడ్డా, నీ కాలిరిగితె కట్టు గట్టిందెవలే?"

"నువ్వే అవ్వా. గందుకే నిమ్మలంగ అడుగుతున్న. గోదాం యాడుంది?"

"సంచి తీస్కపోండ్రి, కాల్మొక్త. గోదాం జెప్తే ఆడ మా పోరగాండ్లున్నరు, ఒక్కల్ని మిగల్నియ్యరు మీరు."

"చెప్పదు గీమె" అన్నాడు నాయకుడు. "కానియ్ ఇగ."

చెల్లెలు తుపాకి ఎత్తింది. దాని మైకులోంచి, భూపాలపల్లి వంటింట్లో కుక్కర్ ఒకటే పనిగా కూతలు పెట్టడం మా అందరికీ వినబడుతోంది. పాడుబడిన ఆ లోకంలో కుక్కర్లు లేవు. అంతటి నాయకుడూ వినబడనట్టే ఉన్నాడు. పప్పు మాడుతుందే అని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అవ్వా, కండ్లు మూస్కో."

తెర నల్లబడింది. చచ్చినవాళ్ళు మాట్లాడకూడదు, మైకు ఆపేసి కూర్చున్నాను. ఆట పూర్తిగా తెగిపోయే ముందు చెల్లెలి మాట ఒక్కటి వినబడింది, "సంచి నేను మోస్త, ఎవలు ముట్టొద్దు." అప్పుడు వణికింది వేషం గొంతో, చెల్లెలి గొంతో, ఇప్పటికీ తేల్చుకోలేను. ఆ సంచి మర్నాడు మా గుడిసెల ముందు దొరికిందని, ఆ అమ్మాయి బతికిందని తరువాత విన్నాను. ఎవరు పెట్టారని నేను అడగలేదు.

సాయంత్రం ఫోన్ మోగింది. "ఇయ్యాల పప్పు మాడిపాయె అక్కా" అంది.

"ఎట్లనే?" అన్నాను.

"గిట్లనే. ధ్యాస లేక."

ఆ సర్వర్ ఎప్పుడో మూతబడింది. కాలేజీలు తెరిచారు, ఎవరి బతుకుల్లో వాళ్ళు పడ్డారు. మానుకోట బస్టాండులో బండగొంతు ఎక్కడ వినబడినా ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. చిన్నప్పుడు మా అమ్మ చాటలో బియ్యం చెరుగుతూ, దడి అవతల పక్కింటివాళ్ళ కొట్లాటంతా వినేది. ఒక్క మాట దడి దాటించేది కాదు. పొద్దున్నే వాళ్ళు ఉప్పు కోసం వస్తే ఏమీ ఎరగనట్టు ఉప్పు పెట్టేది. మనుషులు అట్లా ఒకరి ముఖం ఒకరు చూసుకోగలిగేవారు. ఇప్పుడు దడులు పోయి గోడలొచ్చాయి, అయినా ఏ మాటా గోడల మధ్య నిలవడం లేదు.

మా చెల్లెలు మాత్రం ఏ ఫంక్షన్‌లో నలుగురు చేరినా అదే చెబుతుంది. కురవిలోనూ చెప్పింది. "గింత తెలివిగల్ల మా అక్కను వంతెన మీద పట్టినం. జర్రంత అనుమానం రాలే ఆమెకు!" అందరూ నవ్వారు. వాదనలో ఒక్క మాట కూడా ఎవరికీ బాకీ ఉంచుకోని నేను, అవునే, నాకేం తెలుసు అన్నాను.

ఇది అచ్చయితే ఎవరో ఒకరు దానికి చదివి వినిపిస్తారు, అట్లాంటి పుణ్యాత్ములకు మన చుట్టాల్లో కరువా. వింటే విననీ. ఆట నియమం దానికీ తెలుసు. వచ్చే ఫంక్షన్‌లో అది మళ్ళీ అదే కథ చెబుతుంది, నేను మళ్ళీ అదే జవాబిస్తాను.